మా డ్రిల్లు టీచర్ని పాపం అనకండి

పోయిన నెలలో ఒక ఉదయం, ఎ.కొండూరులో నేను పనిచేసే బడిలో ప్రార్థన ఇంకా పూర్తి కాకముందే ఫోను వచ్చింది. తిరువూరులో మా డ్రిల్లు టీచరుగారి పక్కింట్లో ఉండే ఆవిడ చేసింది. "మీ టీచరుగారు లేవట్లేదమ్మా" అంది. మళ్ళీ తనే, "ఇక లేవరు" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. పాలు పోసే అతను పిలిచి పిలిచి, లోపలికి వెళ్ళి చూశాడట.

నేను బస్సు దిగి వెళ్ళేసరికి వీధిలో షామియానా వేస్తున్నారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా ఒకటే మాట. పాపం, పెళ్ళీ పెటాకులూ లేకుండా పోయింది. పాపం, ఒక్కతే బతికి ఒక్కతే పోయింది. పాపం, ఆ వయసులో సముద్రాలు దాటి వెళ్ళి ఏం బావుకుందో. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆ కోపంతోనే. ఆవిడను ఎరగనివాళ్ళు జాలిపడితే పడనివ్వండి. ఎరిగినవాళ్ళం మాత్రం అసలు సంగతి చెప్పుకోవాలి.

తిరువూరులో నేను హైస్కూల్లో చేరేనాటికే ఆవిడ మాకు డ్రిల్లు టీచరు. నేత చీర, పక్కకి దోపిన కొంగు, కాళ్ళకి తెల్ల క్యాన్వాసు బూట్లు, మెడలో విజిల్. చీర మీద బూట్లేంటని నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. పరీక్షలు దగ్గరపడితే మా డ్రిల్లు పీరియడు లెక్కల సారు తీసేసుకునేవారు. అన్ని బళ్ళలోనూ జరిగేదే. మా టీచరు మాత్రం వచ్చి క్లాసు గుమ్మంలో నిలబడేవారు. ఒక్క మాట అనేవారు కాదు. చేతులు కట్టుకుని అలా నిలబడే ఉండేవారు. సారు ఒక లెక్క చేసి, రెండోది మొదలుపెట్టి, చివరికి చాక్‌పీసు బల్ల మీద పడేసి "పొండమ్మా, పొండి" అనేవారు. మేం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ గ్రౌండుకి పరిగెత్తేవాళ్ళం.

పడి మోకాలు చెక్కుకుపోయి ఏడిస్తే ఆవిడ దగ్గర ఓదార్పు దొరికేది కాదు. "ముందు ఊపిరి తీసుకో. ఏడుపు ఎక్కడికీ పోదు, తర్వాతైనా ఏడవచ్చు" అనేవారు. ఊపిరి తీసుకున్నాక ఎందుకో ఏడుపు వచ్చేది కాదు. గెలిచిన పిల్లకైనా, చివర వచ్చిన పిల్లకైనా తల మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఉంచేవారు. ఆవిడ దీవెన అంతే. మాటలుండేవి కావు.

ఒకసారి ఎవరో నాయకుడి సభ కోసం మా గ్రౌండులో గుంజలు పాతడానికి వచ్చారు. ఆ వారంలోనే మా ఆటల పోటీలు. ఈవిడ గుంజలు పాతనివ్వలేదు. పెద్దల నుంచి మాట వచ్చింది, క్షమాపణ రాసిమ్మన్నారు. ఆవిడ రాయలేదు. దూరపు ఊరికి బదిలీ చేశారు. రోజూ రెండు బస్సులు మారి వెళ్ళి వచ్చేవారు తప్ప, ఆ నాలుగు వాక్యాలు మాత్రం రాయలేదు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆవిడ రిటైరయ్యాక మా వీధుల్లో వినపడ్డ వార్త ఏమిటంటే, డ్రిల్లు టీచరు ఫిజీ వెళుతోందని. ఫిజీ ఎక్కడుందో మాలో ఎవరికీ తెలీదు. అక్కడ తుఫానుకు దెబ్బతిన్న పల్లెల్లో బళ్ళకు టీచర్లు తక్కువయ్యారనీ, జీతం లేకుండా కొన్నాళ్ళు వచ్చి చెప్పగలిగేవాళ్ళు కావాలనీ ఆవిడ వెళ్ళే చర్చి ద్వారా తెలిసిందట. ఇంకొకరిని కూడా తీసుకురావచ్చన్నారట. అప్పటికి నేను బీఈడీ ముగించి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆవిడ నన్ను బజార్లో ఆపి, వస్తావా అని అడిగారు. ఆలోచించుకునే లోపలే నా నోరు వస్తానంది.

మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. నాన్నకు రెడ్డిగూడెం దగ్గర మామిడితోట ఉంది. పొద్దున తోట, సాయంత్రం అరుగు. ఆ రెండింటికీ అవతల లోకం ఉందంటే ఆయనకు నమ్మకం లేదు. టీచరుగారే మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పెళ్ళి కావలసిన పిల్లని ఎవరో తెలియని దీవికి పంపితే రేపు ఏదన్నా జరిగితే ఎవరిది బాధ్యత అని నాన్న అడిగాడు.

"బాధ్యత నాదేనండి" అన్నారు ఆవిడ. "భయం మాత్రం మీదే. అది నేను మొయ్యను."

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత లోపలికి చూసి, టీ తెమ్మన్నాడు. మా ఇంట్లో అది ఒప్పుకోవడం కింద లెక్క.

ఇక ఆ ఊరు. పెద్ద దీవికి ఉత్తరపు ఒడ్డున, సముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కున్న చిన్న పల్లె. సముద్రం, కొబ్బరిచెట్లు చూసి నేను మొదటి రోజు ఫోటోలు తీసుకుంటూనే ఉన్నాను. రెండో రోజు నుంచి నాకు ఊపిరాడలేదు.

మాకు చోటిచ్చిన ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. టీచరుగారి వయసే. భారీ మనిషి, గట్టిగా నవ్వేది, ఇంగ్లీషు మాట్లాడేది. ఊళ్ళో మెలగవలసిన పద్ధతులు ఆవిడే మాకు చెప్పింది. ఊళ్ళో నడిచేటప్పుడు టోపీ పెట్టకూడదు, నల్ల కళ్ళద్దాలు పెట్టకూడదు. సంచి భుజానికి వేసుకోకూడదు, చేత్తో పట్టుకోవాలి. కూర్చున్న పెద్దల మధ్య నిలబడి నడవకూడదు, వంగి వెళ్ళాలి. ఊరి మధ్యలో కేకలు వెయ్యకూడదు. కూడని పనిని వాళ్ళు తంబు అంటారు. నాకు ప్రతి అడుగూ తంబు లాగే కనిపించింది.

చేసేవి సరే, చేయించుకునేవి ఇంకా కష్టం. అక్కడ తలుపు మూయడమనేది లేదు. ఎవరైనా వచ్చి చాప మీద కూర్చునేవాళ్ళు. మాట్లాడాలనేం లేదు, ఊరికే కూర్చునేవాళ్ళు. నేను ఏడుద్దామన్నా ఒక మూల లేదు. తిండి కర్రపెండలం ఉడకబెట్టినది, కొబ్బరిపాలల్లో చేప. కారం అన్న మాట లేదు. ఎవరైనా మన వస్తువు బాగుందని అడిగితే ఇచ్చెయ్యాలి, అది వాళ్ళ పద్ధతి. వాళ్ళూ అలాగే ఇస్తారు. ఒకామె నా చున్నీ అడిగింది, ఇచ్చాను. ఆదివారం చర్చిలో అది ఇంకెవరి భుజం మీదో ఉంది. అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ సీసా పక్కింటివాళ్ళు రుచి చూస్తామన్నారు. ఒక్కొక్కళ్ళే రావడం, వేలు పెట్టడం, కళ్ళనీళ్ళు పెట్టుకుని పడీపడీ నవ్వడం. ఆ వారం చివరికి ఖాళీ సీసా కడిగి భద్రంగా తెచ్చిచ్చారు. ఆ సీసా పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు మా తాత పోయినప్పుడు కూడా ఏడవలేదు.

టీచరుగారికి ఇవన్నీ తేలిగ్గా అబ్బాయని అనుకోకండి. ఆవిడ నాకంటే ఎక్కువ నలిగిపోయారు. ఆవిడ బతుకంతా గంట కొడితే మొదలై గంట కొడితే ముగిసింది. అక్కడ ఆటల పీరియడు అందరూ వచ్చినప్పుడు మొదలయ్యేది. మొదటి రోజు, ఊరి మధ్యలోనే ఉన్న ఆ బడి ముందు, విజిల్ గట్టిగా ఊదారు. పిల్లలు బిత్తరపోయారు. ఇళ్ళలోంచి పెద్దవాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఊళ్ళో అంత చప్పుడు చెయ్యడం మర్యాద కాదని హెడ్మాస్టరు మెల్లగా చెప్పాడు. ముప్పై ఏళ్ళ పైన మెడలో ఉన్న విజిల్ ఆ సాయంత్రం తీసి పెట్టెలో పెట్టారు. పెట్టేటప్పుడు నా వైపు చూడలేదు. మెడ చుట్టూ తాడు ఒరుసుకుని నల్లబడిన చోటును అరచేత్తో రుద్దుకున్నారు.

మూడో వారానికి నేను బట్టలు సర్దేశాను. వెళ్ళిపోతానన్నాను. ఇక్కడ మనకు పనేమీ లేదు, వీళ్ళకు మనం అక్కర్లేదు, ఇలా ఎంతకాలం అని ఏదేదో అన్నాను. ఆవిడ నన్ను ఆపలేదు. నా సంచి పక్కకు జరిపి చాప మీద కూర్చున్నారు.

"వెళ్ళాలంటే వెళ్ళమ్మా. నచ్చక వెళితే నేనే వచ్చి బస్సెక్కిస్తాను. ఓడిపోయి మాత్రం వెళ్ళకు. ఆ రెండింటికీ తేడా నీకు తెలిసేదాకా ఉండు."

తేడా ఎలా తెలుస్తుందని అడిగాను. తనకూ తెలీదన్నారు. అయితే డ్రిల్లు చేద్దామన్నారు. ఆవిడకు తెలిసిన మందు అదొక్కటే. రోజూ మాకు సిగ్గనిపించే పని ఒకటి చెయ్యాలని పెట్టారు. ఆ ఊళ్ళో భోజనాల వేళ గుమ్మం ముందు నుంచి ఎవరు వెళుతున్నా లోపలివాళ్ళు "మై కానా" అని పిలుస్తారు. వచ్చి తిను అని. మేం అప్పటిదాకా మర్యాదకి పిలుస్తున్నారనుకుని నవ్వి వెళ్ళిపోయేవాళ్ళం. ఇక నుంచి రోజుకొక కొత్త ఇంట్లోకి వెళ్ళి కూర్చుని తినాలి, వాళ్ళ భాషలో ఒక్క మాటైనా తప్పుగానైనా మాట్లాడాలి. అదీ మా డ్రిల్లు. మొదట్లో నేను మెడమీద కత్తి పెట్టినట్టు వెళ్ళేదాన్ని. ఆవిడ మాత్రం వరసగా ఇళ్ళు దాటుకుంటూ వెళ్ళారు, గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టినట్టు. నేను తప్పుగా మాట్లాడిన మాటకు ఒక ఇల్లు ఇల్లంతా నవ్వినప్పుడు, వాళ్ళతో పాటు నాకూ నవ్వొచ్చింది. సంచిలో సర్దిన బట్టలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

అంతా కుదుటపడుతోందనుకున్నప్పుడే ఆ పరుగుపందెం జరిగింది.

బడి పిల్లలందరికీ పందాలు పెట్టారు. పెద్ద ఆడపిల్లల పందెంలో ఊరి పెద్ద మనవరాలు గెలిచింది. ఊరి పెద్ద అంటే మన సర్పంచి లాంటివాడు కాదు, ఆ ఊళ్ళో ఆయన మాటకు తిరుగు లేదు. ఆ పిల్ల చెప్పులు లేని కాళ్ళతో గాలిలా వచ్చింది. టీచరుగారి మొహం వెలిగిపోయింది. ముందుకు వెళ్ళి, మాకందరికీ చేసినట్టే, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఉంచారు.

ఆ పిల్ల తల విదిలించుకుని వెనక్కి తగ్గింది. చూస్తున్న ఆడవాళ్ళు చూపులు దించుకున్నారు. ఏమైందో మాకు అర్థం కాలేదు. ఇంటికి వచ్చాక పెద్దావిడ చెప్పింది. అక్కడ మనిషి తల ముట్టుకోకూడనిది. అందులో ఊరి పెద్ద ఇంటి పిల్ల తల అసలే ముట్టకూడదు. వాళ్ళ దృష్టిలో అది అవమానం. దాన్ని సరిచేసే పద్ధతి ఒకటే. ఊరి పెద్ద ఇంటికి యంగోన వేరు పట్టుకెళ్ళి, ముందు పెట్టి, క్షమించమని అడగాలి. యంగోన అంటే ఒక మొక్క వేరు, దాన్ని దంచి నీళ్ళలో కలిపి తాగుతారు. వాళ్ళ పెద్ద పనులన్నీ దాంతోనే జరుగుతాయి.

క్షమాపణ అన్న మాట విని నేను టీచరుగారి మొహం చూశాను. బదిలీ చేసినా నాలుగు వాక్యాలు రాయని మనిషి ఆవిడ. ఇక మా ప్రయాణం ఖాయం అనుకున్నాను. అన్నాను కూడా, వెళ్ళిపోదాం టీచర్ అని.

ఆవిడ వెళ్ళి గుమ్మంలో కూర్చున్నారు. చాలా కోపంగా ఉన్నారు. మా ఊళ్ళో అది దీవెన, దీవించినందుకు క్షమాపణా అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. తర్వాత పెద్దావిడను పిలిచి, ఆ పిల్ల ఎలా ఉందని అడిగారు. ఏడుస్తోందని చెప్పింది ఆవిడ. టీచరుగారు లేచి, వేరు ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నారు.

మర్నాడు ఉదయం ఉతికిన చీర కట్టుకుని బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు. ఊరి పెద్ద ఇల్లు పొడుగ్గా ఉంది, నేలంతా చాపలు. మేం గుమ్మం దగ్గరి చివర కూర్చున్నాం. ఎదుటి చివర ఆయన, చుట్టూ మగవాళ్ళు. టీచరుగారు మోకాళ్ళ మీద ముందుకు జరిగి వేరు కట్ట చాప మీద పెట్టారు, తల వంచారు. ఆవిడ తల అంత కిందకి వంగడం నేను మొదటిసారి చూశాను. పెద్దావిడ భర్త మా తరఫున వాళ్ళ పద్ధతిలో మాట్లాడాడు. అది ముగిశాక ఆవిడ, నేనూ రెండు మాటలు చెప్పుకోవచ్చా అని అడిగారు. పద్ధతిలో అది లేదనుకుంటాను, మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఊరి పెద్ద కనుబొమలు పైకెత్తాడు. అక్కడ దాని అర్థం సరే అని.

ఆవిడ తన ఇంగ్లీషులో, మా తిరువూరు యాసతో, ఆగి ఆగి చెప్పారు. పెద్దావిడ భర్త ఒక్కో మాటా వాళ్ళ భాషలో చెబుతూ వచ్చాడు.

"మా ఊళ్ళో పిల్ల తల మీద చెయ్యి పెడితే, నువ్వు చల్లగా ఉండాలి అని. నా చేత్తో కొన్ని వందలమందికి అలా చేశాను. మీ ఊళ్ళో అది అవమానమని నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. మీ ఊళ్ళో మీ పద్ధతే చెల్లాలి. ముట్టుకున్నందుకు నన్ను క్షమించండి. ఆ పిల్లకి పెట్టిన దీవెన మాత్రం నేను వెనక్కి తీసుకోను. అది ఆ పిల్లది."

క్షమాపణ చెప్పడానికి వచ్చి ఇదేం మాట అనుకున్నాను. ఊరి పెద్ద చాలాసేపు ఆవిడ వైపే చూశాడు. తర్వాత ఒకటే మాట అన్నాడు. పెద్దావిడ భర్త మాకు తిప్పి చెప్పేటప్పుడు అతని పెదాల చివర నవ్వుంది.

"దీవెన మేం ఉంచుకుంటాం. చెయ్యి నువ్వు ఉంచుకో అంటున్నారు."

అప్పుడు మగవాళ్ళు అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టారు. యంగోన కలిపారు. కొబ్బరిచిప్పలో ఆవిడకు ఇచ్చారు. బురదనీళ్ళలా ఉన్న దాన్ని ఆవిడ ఒక్క గుక్కలో తాగేసి, అందరిలాగే చప్పట్లు కొట్టారు. నాకూ ఇచ్చారు. నాలుక మొద్దుబారిపోయింది. బయటికి వచ్చాక నేను మాట్లాడలేకపోతుంటే ఆవిడే అన్నారు.

"తల వంచాను. తలొగ్గలేదు. రెండూ ఒకటి కాదు, తెలిసిందా?"

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైందని చెప్పను. తర్వాతి పదేళ్ళలో, అత్తవారింట్లో, బడిలో, ఆఫీసుల్లో, ఎక్కడ తల వంచాలో ఎక్కడ వంచకూడదో తేల్చుకోవలసి వచ్చిన ప్రతిసారీ ఆ చాపలూ, మోకాళ్ళ మీద జరుగుతున్న ఆ చీరా గుర్తొస్తూ ఉంటాయి.

ఆ తర్వాత ఆ ఊరు మమ్మల్ని వేరేగా చూసింది. మర్నాడు ఆ పిల్లే వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. టీచరుగారు ఆ పిల్ల ఎదురుగా అరచెయ్యి చాపారు, ఆ పిల్ల తన చెయ్యి దాని మీద వేసింది. అప్పటి నుంచి ఆ బళ్ళో గెలిచినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ దీవెన అరచేతిలోనే. నేను ఏడాదికి డీఎస్సీ పడిందని వచ్చేశాను. ఆవిడ ఇంకో ఏడాది ఉన్నారు.

తిరిగొచ్చాక అసలు కథ తిరువూరులో మొదలైంది. వెళ్ళినప్పుడు తగిలిన దెబ్బ కంటే తిరిగొచ్చినప్పుడు తగిలిందే పెద్దదని ఆవిడ అనేవారు. బస్టాండు వెనక వీధిలో అద్దెకు దిగారు. మధ్యాహ్నం అన్నం వేళకి వీధి వీధంతా తలుపులు మూసుకునేది. ఆవిడకు ముద్ద దిగలేదు. ఒక రోజు తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని, పోయేవాళ్ళని పిలవడం మొదలుపెట్టారు. "రండి, తిని వెళ్ళండి" అని. తెలిసినవాళ్ళూ, తెలియనివాళ్ళూ, ఎవరైనా సరే.

మొదట్లో అందరూ నవ్వి వెళ్ళిపోయారు, అక్కడ మేం చేసినట్టే. టీచరమ్మకు ఆ దీవుల్లో మతి చలించిందన్నారు. ఆవిడ పిలవడం మానలేదు. వీధి ఊడ్చే ఆవిడ ఒక రోజు నిజంగానే లోపలికి వచ్చి కూర్చుంది. తర్వాత హాస్టలు ఆడపిల్లలు, పత్తి లారీ తోలుకొచ్చిన డ్రైవరు, పెనుగొలను నుంచి ఆస్పత్రికి వచ్చి బస్సు తప్పిపోయిన ముసలి దంపతులు. ఉన్నదే పెట్టేవారు. పప్పు, ఒక పచ్చడి, మజ్జిగ. ఎవరి కులం ఏమిటని ఆవిడ అడగలేదు. తినడానికి వచ్చినవాళ్ళూ ఆవిడదేమిటని అడగకూడదు. అంతే నియమం.

ఇంటి ఓనరు అడిగాడు. ఎవరు పడితే వాళ్ళు వచ్చి కూర్చుంటుంటే వీధిలో మాటొస్తోందని, కనీసం తలుపు దగ్గరగా వేసుకుని పెట్టుకోమని చెప్పాడు. చర్చిలో ఒక పెద్దాయన కూడా, మంచిపనే కానీ కాస్త చూసుకుని చెయ్యండమ్మా అన్నాడట. ఓనరుకి ఆవిడ చెప్పిన జవాబు పక్కింటివాళ్ళు విన్నారు.

"మూసుకుని తినే తిండి నాకు దిగట్లేదండి. ఇల్లు కావాలంటే ఖాళీ చేస్తాను. తలుపు మాత్రం వెయ్యను."

ఖాళీ చేయించాడు. ఆవిడ ఇంకా చిన్న ఇంటికి, గుమ్మం నేరుగా రోడ్డు మీదకే ఉన్న ఇంటికి మారారు. పిలుపు ఇంకా దూరం వినిపించేది.

మా నాన్న సంగతి చెప్పకుండా ఉండలేను. ఏటా కాపు దిగగానే ఆవిడకు ఒక బుట్ట మామిడిపళ్ళు ఇచ్చి రావడం ఆయనకు అలవాటైంది. గుమ్మంలో బుట్ట దించి, రెండు మాటలు మాట్లాడి, మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేసేవాడు. ఎందుకు తాగడో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఒక ఏడు ఆయన వెళ్ళేసరికి లోపల భోజనాలవుతున్నాయి. నేనూ అక్కడే ఉన్నాను. వీధి ఊడ్చే ఆవిడ నా పక్కన తింటోంది. టీచరుగారు ఎప్పటిలాగే, రండి తిందురుగాని అన్నారు. నాన్న గుమ్మం బయట నిలబడిపోయాడు. ఎండ మాడిపోతోంది. ఆయన నన్ను చూశాడు, నా పక్కనున్న ఆవిడను చూశాడు. నేను తల దించుకోలేదు, అన్నం కలుపుకుంటూనే ఉన్నాను.

"పప్పు చల్లారిపోతుందండి" అన్నారు టీచరుగారు. బతిమాలలేదు, ఎత్తిపొడవలేదు.

నాన్న చెప్పులు విడిచాడు. వచ్చి గోడ వారగా కూర్చున్నాడు. విస్తరిలో వడ్డించింది తలెత్తకుండా తిన్నాడు. సగం తిన్నాక అన్నాడు, "ఉప్పు కాస్త తగ్గిందండి."

ఆవిడ ఉప్పు గిన్నె ఆయన వైపు జరిపారు. మా ఇంటి వంట గురించి ఆయన ఏనాడూ అలా అనలేదు, అమ్మ ఊరుకోదు. పరాయి ఇంట్లో పెట్టింది తిని పొగిడి రావచ్చు. ఉప్పు తగ్గిందని చెప్పాడంటే ఆయన అక్కడ పరాయివాడుగా కూర్చోలేదన్న మాట. ఇంటికొచ్చి ఆయన ఎవరితోనూ ఆ సంగతి ఎత్తలేదు. మర్నాటి నుంచి రోడ్డు మీద వీధి ఊడ్చే ఆవిడ కనపడితే మాత్రం, తిన్నావా అని అడిగేవాడు.

అందరూ మారారని నేను చెప్పడం లేదు. ఆ ఇంటి ముందు నుంచి రోడ్డుకు అవతలి పక్కకు జరిగి వెళ్ళేవాళ్ళు చివరిదాకా ఉన్నారు. ఆవిడ వాళ్ళనీ రోజూ పిలిచేవారు. రారని తెలిసీ ఎందుకు పిలుస్తారు టీచర్ అని ఒకసారి అడిగాను. రాకపోవడం వాళ్ళిష్టం, పిలవడం నా ఇష్టం అన్నారు. ఎవరి పని వాళ్ళు చేస్తున్నామన్నారు.

ఇలాంటి మనిషిని ఒక్కతే బతికిందంటారా? సమాధి తోటకు వెళ్ళేటప్పుడు చూడవలసింది. ముందు పాస్టరుగారు, వెనక మేం, అంటే ఆవిడ చేత రౌండ్లు కొట్టించుకున్న ఆడపిల్లలం, ఇప్పుడు నడుంనొప్పుల వయసువాళ్ళం. మా వెనక హాస్టలు పిల్లలు. వాళ్ళ వెనక తువ్వాలు తలకి చుట్టుకుని మా నాన్న. పెట్టె మీద మొదటి గుప్పెడు మట్టి ఎవరు వెయ్యాలని దగ్గరి చుట్టాలు తమలో తాము తర్జనభర్జన పడుతుంటే, వీధి ఊడ్చే ఆవిడ ముందుకొచ్చి వేసేసింది. "నాకు పెట్టిన చెయ్యమ్మా అది" అంది.

ఇంటికొచ్చి స్నానం చేశాక ఫిజీకి ఫోను చేశాను. పెద్దావిడ ఎత్తింది. చెప్పాను. ఆవిడ ఏడవడం విన్నాను, తర్వాత ఆ ఇంట్లో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఏడవడం విన్నాను. ఫోను పెట్టేసింది. నాలుగు రోజుల తర్వాత తనే చేసింది. ఊరి పెద్ద కబురు చెప్పమన్నాడట. మేం ఎరిగిన పెద్దాయన కాలం చేశాక ఇప్పుడు ఆయన కొడుకే ఊరి పెద్ద. వాళ్ళలో గొప్పవాళ్ళు పోతే ఆ వంశం వాళ్ళు చేపలు పట్టుకునే సముద్రంలో కొంత మేర మూసేస్తారట. చుట్టూ కర్రలు పాతి కొబ్బరాకులు కడతారు. గడువు తీరేదాకా అక్కడ ఎవరూ వల వెయ్యరు, పడవ పోనివ్వరు, గవ్వ కూడా ఏరరు. అదే ఆ మనిషికి ఇచ్చే గౌరవం. బయటివాళ్ళ కోసం ఎప్పుడూ చెయ్యలేదట. టీచరు కోసం బడికి ఎదురుగా ఉన్న చోటు మూశారట. పరుగుపందెం గెలిచిన ఆ పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, మొదటి కర్ర తనే పాతిందట.

తిరువూరులో మాకు సముద్రం లేదు. వేసవిలో బోరు నీళ్ళకే కటకట. ఆ మాట విన్నప్పటి నుంచి బడికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంటే నాకు అదే కనిపిస్తోంది. కర్రలకు కట్టిన కొబ్బరాకులు ఉప్పుగాలికి ఎండుతూ చప్పుడు చేస్తుంటాయి. పడవలు దూరం నుంచే చుట్టు తిరిగి పోతాయి. లోపల ఎవరూ కదిలించని నీళ్ళలో చేపలు మెల్లగా ఒడ్డు దాకా వచ్చి, ఇసుక మీద నీడలు పరిచి, తొందరేమీ లేకుండా మళ్ళీ లోపలికి వెళుతుంటాయి.